పింగాణియందు యవనదేవతలు : పదునెనిమిదవ శతాబ్దపు ఇటలీ ప్రతిమలు

మాతృక నశించినప్పుడు ప్రతియే ప్రమాణమగును. తాళపత్రగ్రంథములఁ బరిశోధించువారి కీ విషయము క్రొత్తది కాదు. ఎవ్వఁడో యొక లేఖకుఁడు జీవనార్థమై వ్రాసిన ప్రతి, భాండాగారములోని మూలము చెదలపాలైన పిమ్మట, కవివాక్కును లోకమున నిలిపినందుకు దృష్టాంతములు పెక్కులు గలవు. ఆ లేఖకుఁడే తన కాలమునాఁటి పాఠములను, తన ప్రమాదములను గూడ మూలములోఁ జేర్చి పోయినందుకును దృష్టాంతములకుఁ గొఱఁత లేదు. గ్రంథములకుఁ గల యీ ధర్మము శిల్పములకును గలదు. క్రీ. శ. పదునెనిమిదవ శతాబ్దమున ఇటలీదేశమునఁ బుట్టిన పింగాణి ప్రతిమలు దీనికిఁ జక్కని నిదర్శనములు. యవన రోమక పురాణములలోని దేవతలను, వీరులను తెల్లని మట్టితో మలచి కొలిమిలోఁ గాల్చిన యీ బొమ్మలు ధనికుల యిండ్లలోని యలంకారవస్తువులని మాత్రమే చాలకాలము లోకము భావించెను. వానిని శిల్పములకుఁ బ్రతులుగాఁ జదువునపుడు వాని విలువ వేఱుగాఁ దోఁచును. ఏది మూలము, ఏది ప్రక్షిప్తము, ఏది ప్రతి చేసినవాని పొరపాటు అను ప్రశ్నలకు వానియందు సమాధానములు దొరకును.

పింగాణి రహస్యము

పింగాణి చీనాదేశపు విద్య. కేయొలీను అను తెల్లని మన్నును, వేఁడిమికిఁ గరఁగి గాజువలె నగు నొకజాతి ఱాతిపొడిని గలిపి, మిక్కిలి తీవ్రమైన మంటలోఁ గాల్చినచో ఆ రెండును నేకమై, నీటిని పీల్చనిదియు, వెలుతురును గొంత చొరనిచ్చునదియు, తట్టిన గంటవలె మ్రోఁగునదియు నగు పదార్థమేర్పడును. ఐరోపాలో దీనికిఁ గలిగిన పేరు ఇటలీభాషలోని 'పోర్చెల్లానా' యను పదమునుండి వచ్చినది. అది గవ్వకుఁ బేరు. గవ్వయందలి నునుపును నిగనిగయు నీ పాత్రలయందుఁ గనఁబడుటచే నా పేరు వీనికిఁ జెల్లెను. పదుమూఁడవ శతాబ్దమునఁ జీనాకుఁ బోయివచ్చిన వెనిసు వర్తకుఁడు మార్కో పోలో వృత్తాంతమునందే యీ పదప్రయోగము గలదు.

పేరు తెలిసినను విద్య తెలియుటకు నాలుగు వందల యేండ్లు పట్టెను. ఫ్లారెన్సు ప్రభువగు ఫ్రాంచెస్కో మెదీచి 1575 ప్రాంతమునఁ దన కర్మశాలలోఁ బింగాణిని బోలిన పాత్రలఁ జేయించెను గాని యది యనుకరణమేగాని నిజమైన చీనా పింగాణి గాదు. 1587లో నతఁడు మరణింపఁగా నా ప్రయత్నమును క్షీణించెను. పిమ్మట 1708, 1709 సంవత్సరములలో సాక్సనీదేశమున బెట్గరు అను రసవాది రహస్యమును భేదించెను. 1710లో మైసెను పురమున సాక్సనీ ప్రభువు కర్మశాలను నెలకొల్పెను. రహస్యమును గోటలో దాఁచి కాపాడఁజూచినను, పాఱిపోయిన పనివారివెంట నది వియన్నాకును వెనిసునకును బ్రాఁకెను. వెనిసున 1720లో వెజ్జీ కుటుంబమువారు స్థాపించిన కర్మశాల 1727లో మూఁతపడినది. ఇటలీలోఁ బురాణప్రతిమలకుఁ బ్రసిద్ధి తెచ్చినవి తరువాత వచ్చిన కర్మశాలలు: ఫ్లారెన్సు సమీపమునందలి డోచా, నేపుల్సునందలి రాజకర్మశాలలు, రోమునందలి వొల్పాతో కర్మశాల. ఈ మూఁడు స్థలములందును ప్రాచీన శిల్పమునకుఁ బింగాణితోఁ గలిగిన సంబంధము వేఱువేఱు విధములుగా నుండుట గమనింపఁదగినది.

విందుబల్లమీఁది దేవతలు

చిన్న ప్రతిమలకుఁ బురాణకథలే యేల వస్తువులయ్యెనో తెలియవలెనన్న, అవి నిలిచిన చోటును దెలిసికొనవలెను. ఐరోపా ప్రభువుల విందులలో మధురపదార్థములను వడ్డించు సమయమున బల్లనడుమఁ బంచదారతోఁ బోసిన ప్రతిమలను నిలుపు నాచారము పూర్వమునుండియుఁ గలదు. 1600లో ఫ్లారెన్సున జరిగిన మరియా మెదీచి వివాహపు విందునందు జాంబొలొన్యా యను మహాశిల్పి నమూనాలనుబట్టి పోసిన పంచదార ప్రతిమలను నిలిపిరి. పెండ్లిండ్లలోఁ బంచదారచిలుకల నెఱిఁగిన తెలుఁగువారి కీ యాచారము వింతగాఁ దోఁపదు. పంచదార కరఁగిపోవును; చీమల పాలగును. పింగాణి నిలుచును. కావునఁ బదునెనిమిదవ శతాబ్దమునఁ బంచదార స్థానమును పింగాణి యాక్రమించెను.

విందునకు వచ్చువారు విద్యావంతులు. రోమక మహాకవి ఓవిడు రచించిన రూపపరివర్తన కావ్యము, పదునైదు సర్గములుగలది, నాఁటి ఐరోపా విద్యార్థి కెల్లఁ గంఠస్థప్రాయము. బల్లమీఁది బొమ్మను జూచి యిది యే కథ, యే ఘట్టము అని గుర్తించుట వారికి వినోదమును, విద్యాప్రదర్శనమును నగుచుండెను. కనుక నీ ప్రతిమలు చదువఁదగిన బొమ్మలు. కథ తెలియనివానికి వీని యర్థము సగమే తెలియును.

డోచా : కంచునుండి మన్నునకు

మార్క్విసు కార్లో జినోరీ యను ఫ్లారెన్సు ప్రభువు నగరమునకు వాయవ్యమున సెస్టో ఫియొరెంటీనో యొద్ద డోచాయందుఁ దనకుఁగల భూములలో 1735 ప్రాంతమునఁ గర్మశాలకుఁ బునాది వేసెను. రెండేండ్లకే, 1737లో, మెదీచి వంశపు కడపటి ప్రభువు జాన్ గాస్టోనె సంతానములేక మరణించెను. టస్కనీరాజ్యము లొరేను వంశీయుఁడగు ఫ్రాన్సిసునకు సంక్రమించెను. క్రొత్త ప్రభువు వియన్నాయందుండి ప్రతినిధులచే రాజ్యమును బాలించెను. మెదీచి వంశపు కడపటి యాఁడుబిడ్డ ఆనా మరియా లూయిజా ఆ యేఁడే యొక యొడంబడిక వ్రాయించి, తన పూర్వులు కూడఁబెట్టిన శిల్పచిత్రాదులు ఫ్లారెన్సు విడిచి పోరాదని నిర్ణయించెను. పాత శిల్పము లిట్లు నిలిచెను. కాని క్రొత్త శిల్పములఁ జేయించు రాజాస్థానము లేకపోయెను. నూటయేఁబది యేండ్లుగా ఫ్లారెన్సునకుఁ గీర్తిఁ దెచ్చిన కంచుశిల్పవిద్యకుఁ బోషకులు కఱవైరి.

ఆ విద్యలోఁ గడపటి మహానుభావులలో నిద్దఱు ముఖ్యులు: జోవన్ని బత్తిస్తా ఫొజ్జీనీ (1652–1725), మస్సిమిలియానో సోల్డానీ బెంజీ (1656–1740). ఇరువురును మెదీచి ప్రభువుల పోషణమున రోమునఁ జదివి వచ్చి, ఆస్థానమున నుండి కంచుతోఁ బురాణప్రతిమలను బోసినవారు. వీరి మైనపు నమూనాలు, అచ్చులు వారసుల యిండ్లలోఁ బడియుండఁగా, జినోరీ వానిని గొనెను. ఫొజ్జీనీ కుమారుఁడు విన్సెంజోయును, సోల్డానీ వారసులును నిట్లు నమూనాల నిచ్చినవారు. పోషకులు లేక నిలిచిపోనున్న శిల్పసంపద యిట్లు మట్టిపనివాని చేతికి వచ్చెను. వ్రాఁతగాఁడు లేక నశింపనున్న గ్రంథమును వేఱొక లిపిలో నెక్కించుకొన్నట్లు, కంచుశిల్పము పింగాణి లిపిలో నెక్కెను.

ఆ పనిఁ జేసిన ముఖ్యశిల్పి గాస్పెరో బ్రూస్కీ. ఇతని కృతులలో 1749 ప్రాంతమునాఁటి జంట ప్రతిమలు, ఇప్పు డమెరికాలోని గెట్టీ ప్రదర్శనశాలయం దున్నవి, ఉదాహరణముగాఁ గొనఁదగినవి. రెండును ఫొజ్జీనీ నమూనాలనుబట్టి చేసినవే. మొదటిది మెర్క్యురీ యార్గసుని వధించు ఘట్టము. జూపిటరు ప్రేమించిన అయో యను కన్య యావుగా మాఱఁగా, ఆ దేవుని భార్య జూనో యా యావుమీఁద నూఱు కన్నులుగల యార్గసుని గావలి పెట్టెను. మెర్క్యురీ పిల్లనగ్రోవి నూఁది, కథలు చెప్పి, ఆ నూఱు కన్నులును మూసికొనునట్లు చేసి, వాని తలఁ దఱిగెను. జూనో యా కన్నులను దీసి నెమలిపురియందుఁ బొదిగెనని కథ. శ్రీమద్రామాయణోత్తరకాండమున రావణునకు వెఱచి నెమలిరూపుఁ దాల్చిన యింద్రుఁడు తన వేయి కన్నులను నెమలిపురి కిచ్చెనన్న కథ నిచటఁ దలఁచుకొనని పండితుఁ డుండఁడు. రెండు దేశములవారును నెమలిపురియందలి చంద్రకములను జూచి కన్నులనే తలఁచిరి. రెండవ ప్రతిమ పెర్స్యూసు మెడ్యూసాను సంహరించు ఘట్టము. చూచినవారి నెల్ల ఱాళ్లుగ మార్చు మెడ్యూసాను నేరుగాఁ జూడక, తళతళలాడు డాలులోఁ బ్రతిబింబమును జూచి తలఁ దఱిగిన వీరుని కథ యది. నిద్రచేఁ గనులు మూసికొని చచ్చినవాఁడొకఁడు, చూపుచేతనే చంపునది యొకతె: రెండును గంటి కథలే. వానిని జంటగాఁ గూర్చుటలో నీ యౌచిత్యము స్పష్టము.

సోల్డానీ నమూనాలలో గ్రద్దరూపమున జూపిటరు గానిమీడు అను బాలుని గొనిపోవుట, హంసరూపమున లీడాను జేరుట మొదలగునవి డోచాయందు పింగాణిగా మాఱెను. దేవుఁడు రూపము మార్చుకొను కథలు కంచునుండి పింగాణికి రూపము మార్చుకొనెను.

నిర్మాణక్రమము

మూలమున నేమి నిలిచినదో, ఏమి మాఱినదో తెలియుటకు నిర్మాణక్రమమును గొంత తెలిసికొనుట యవసరము. మైనపు నమూనామీఁద ప్లాస్టరు పోసి ముక్కలుముక్కలుగా విడఁదీయఁదగిన యచ్చును దీయుదురు. తలకు, చేతులకు, మొండెమునకు వేఱువేఱు అచ్చులుండును. మెత్తని మట్టిముద్దను ఆ యచ్చులలోఁ గూరి, లోపల గుల్లగానుంచి, కొంత యాఱిన పిమ్మట నవయవములను దీసి, పలుచని మట్టినీటితో నతుకుదురు. అతుకులను గొనముతో సవరించుట శిల్పి పని. పిమ్మటఁ గొలిమి. కాల్చునపుడు పింగాణిముద్ద యించుమించుగా నాఱవ యేడవ వంతు కుంచించుకొనిపోవును. కనుక మూలమునుండి నేరుగా నచ్చుఁ దీసినను ప్రతి మూలముకంటెఁ జిన్నదగును. పైఁగా మిక్కుటమగు వేఁడిమిలో మట్టి మెత్తబడి వాలును. కావునఁ జాఁపిన చేతికి, ఎత్తిన కాలికి ఊఁతలు పెట్టవలెను.

కంచునకీ బాధలు లేవు. అది బలిష్ఠమగుటచే నొంటికాలిమీఁద నిలిచి చేయి చాఁచిన దేవతనైన నిలుపఁగలదు. మట్టికిఁ జెట్టుమొద్దో, ఱాయో, మేఘమో యాధారముగాఁ గావలెను. కంచుమీఁద నులితోఁ జెక్కిన రోమరేఖలును వస్త్రపు మడతలును తీక్ష్ణముగాఁ గనఁబడును. పింగాణిపైఁ బూసిన గాజుపూఁత సందులలో నిండి యా తీక్ష్ణతను దగ్గించును. అందుచే ఫొజ్జీనీ వీరుని కండరములు బ్రూస్కీ చేతిలో మెత్తబడెను. కంచులో నున్న క్రౌర్యము పింగాణిలోఁ గొంత సౌకుమార్యమును బొందెను. డోచా మన్ను శుద్ధమైన తెలుపుగాక యించుక బూడిదవన్నెగల సంకరజాతి. పెద్ద ప్రతిమలయందుఁ గొలిమిలోఁ బుట్టిన పగుళ్లు నేఁటికిని గనఁబడును. వానిని దోషములని త్రోసివేయుటకంటె, కఠినమైన పనిఁ జేసినవారి సాహసమునకు గుర్తులని గ్రహించుట న్యాయము.

ఆ సాహసమునకుఁ బరాకాష్ఠ ఫ్లారెన్సు ఉఫ్ఫీజీ భవనములోని ప్రసిద్ధ పాలరాతి విగ్రహములకుఁ జేసిన పెద్ద పింగాణి ప్రతులు. అందులో 'మెదీచి వీనసు' ముఖ్యము. బల్లమీఁది బొమ్మల పరిమాణమును వదలి యించుమించు మనుష్య ప్రమాణమున దీనిని గాల్చిరి. డోచా సంగ్రహమున నిది యున్నది. కార్లో జినోరీ టస్కనీ మహిమను గీర్తించు నొక పింగాణి దేవాలయమును గూడఁ జేయించి కొర్టోనా పురమునందలి ఎట్రుస్కను అకాడమీకి సమర్పించెను. 1727లోఁ బురాతత్త్వ పరిశోధనార్థమై వెలసిన యా విద్వత్సభవారి ప్రదర్శనశాలయం దది నేఁటికిని గలదు. పింగాణి పని రాజభోగమునకే గాక విద్వత్సభకును నర్హమని జినోరీ భావించినందుల కిది ప్రమాణము. 1757లో నతఁడు మరణించెను.

ప్రక్షిప్తములు, పాఠభేదములు

మెదీచి వీనసును బరిశీలించినచోఁ బ్రతుల పరంపర యెంత దీర్ఘమో తెలియును. ఇది 1677లో రోమునుండి ఫ్లారెన్సునకు వచ్చెను. ఆ సమయమున దాని చేతులు లోపించియుండఁగా ఎర్కోలె ఫెర్రాతా యను శిల్పి క్రొత్త చేతులను జేసి యతికెను. సన్నని, పొడవైన యా వ్రేళ్లను జూచి పదునెనిమిదవ శతాబ్దపు రసికులు ప్రాచీన సౌందర్యమని మెచ్చిరి. డోచా ప్రతియందును ఆ వ్రేళ్లే వచ్చినవి. ప్రక్షిప్తశ్లోకము మూలశ్లోకములతో సమానముగ వ్యాఖ్యానము పొందినట్టిదే యిది.

ఇంతటితో ముగియలేదు. ఆ పాలరాతి విగ్రహమును మూలము గాదు. ప్రాచీన యవన శిల్పసంప్రదాయము ననుసరించి తరువాతి కాలమునఁ జేసిన ప్రతి యది. వీనసు కాలియొద్ద డాల్ఫినును, దానిపై నాడుకొను చిన్న మన్మథులును గలరు. సముద్రమునఁ బుట్టిన దేవత కవి చిహ్నములు. కాని పాలరాతికిఁ గాలియొద్ద నాధారము కావలసియుండుటయు నొక కారణమే. కొలిమిలో వాలిపోవు పింగాణికిని నా డాల్ఫినే యూఁతయయ్యెను. ఇట్లు ఛందోనియమము వలన వచ్చిన పదము కాలక్రమమున నర్థమునకును భూషణమైనట్లు, పదార్థనియమము వలన వచ్చిన రూపము ప్రతిమకు భూషణమైనది.

ఫార్నేజె హెర్క్యులీసు చరిత్రమున పాఠభేదము మఱింత స్పష్టము. గదపై వ్రాలి విశ్రమించు నా మహావీరుని విగ్రహము 1546లో రోమున కారకల్లా స్నానశాలల శిథిలములలో దొరకెను. ఆథెన్సు శిల్పి గ్లైకను పేరు దానిపైఁ జెక్కఁబడియున్నది. లైసిప్పసు చేసిన కంచుమూలము నశించినది. దొరకినపుడు కాళ్లు లేకుండుటచే గుల్యెల్మో దెల్లా పోర్తా క్రొత్తవానిని జేసెను. పిమ్మట నసలు కాళ్లు దొరకినను, క్రొత్తవే బాగున్నవని వానినే యుంచిరి. 1787 ప్రాంతమున విగ్రహమును నేపుల్సునకుఁ దరలించునపుడు మాత్రమే యసలు కాళ్లను మరల నతికిరి. కావున నీ వీరుని చిన్న ప్రతులలోఁ గొన్ని పదునాఱవ శతాబ్దపు కాళ్లమీఁదను, గొన్ని ప్రాచీనకాలపు కాళ్లమీఁదను నిలిచియుండును. ప్రతి చేసినవాఁ డే కాలమున నే మాతృకను జూచెనో కాళ్లే చెప్పును.

నేపుల్సు : త్రవ్వకములును రాజ్యాభిమానమును

దక్షిణ ఇటలీలో కథ వేఱు. బూర్బను వంశీయుఁడగు చార్లెసు 1734లో నేపుల్సు రాజయ్యెను. అతని భార్య మరియా అమాలియా మైసెను కర్మశాలను స్థాపించిన సాక్సనీ ప్రభువు మనుమరాలు. వీరు 1743లో కాపోడిమోంటె కొండపైఁ గర్మశాలను స్థాపించిరి. ఇచటి మన్ను కేయొలీను లేని మెత్తనిజాతి. పాలమీఁగడవంటి వన్నె దానికిఁ బ్రత్యేకము. ముఖ్యశిల్పి జుసెప్పె గ్రిచ్చి. ఈ మెత్తని మన్ను చిన్నచిన్న మూర్తులకుఁ దగినది. 1759లో స్పెయిను సింహాసన మెక్కుటకుఁ బోవుచు చార్లెసు పనివారిని, అచ్చులను, సామగ్రిని మాడ్రిడునకుఁ గొనిపోవుటచే కాపోడిమోంటె పని ముగిసెను. అతని కుమారుఁడు ఫెర్డినాండు 1771లో నేపుల్సు రాజ్యమున మరలఁ గర్మశాలను స్థాపించెను.

ఈ నడుమఁ బ్రాచీనవిద్యకు మహోపకారము జరిగెను. వెసూవియసు అగ్నిపర్వతము 79లోఁ బ్రేలి పూడ్చివేసిన హెర్క్యులేనియము పురమున 1738లోను, పాంపేయీ పురమున 1748లోను రాజాజ్ఞచేఁ ద్రవ్వకములు మొదలయ్యెను. దొరకిన చిత్రములు, విగ్రహములు 1757 మొదలు 1792 వఱకు నెనిమిది సంపుటములుగాఁ బ్రకటింపఁబడెను. 1779లో దొమేనికో వెనూతి రాజకర్మశాలకు నధికారి యయ్యెను. ఇతని తండ్రి మార్చెల్లో వెనూతి కొర్టోనా అకాడమీ స్థాపకులలో నొకఁడు. హెర్క్యులేనియము త్రవ్వకములయందుఁ బాల్గొన్నవాఁడు. పండితుని కుమారుఁడు పింగాణి కధికారియగుటచేఁ గర్మశాల పురాతత్త్వశాఖవంటి దయ్యెను. ఫెర్డినాండు తన తండ్రికి స్పెయినునకుఁ బంపిన హెర్క్యులేనియము భోజనపాత్రలతో, వానిపైఁగల చిత్రముల యర్థమును వివరించు పుస్తకమును గూడ 1782లో నచ్చొత్తించిరి. భోజనపాత్రలకుఁ దాత్పర్యసహితమగు టీక వెలసినది! పిమ్మట నింగ్లండు రాజగు మూఁడవ జార్జికిఁ బంపిన పాత్రలకు ఎట్రుస్కను పాత్రలని పేరు పెట్టిరి. ఇటలీ సమాధులలో దొరకిన ప్రాచీన భాండములు ఎట్రుస్కను జాతివారివని నాఁటివారు తలఁచిరి. వానిలోఁ బెక్కులు యవనులవని తరువాత నిశ్చయమయ్యెను. పేరు మాత్రము నిలిచిపోయినది. తప్పుడు కర్తృత్వము గ్రంథములకే గాక కుండలకును దప్పలేదు.

1781 మొదలు ముఖ్యశిల్పియైన ఫిలిప్పో తాల్యోలీనీ పూర్వము వియన్నా కర్మశాలలోఁ బని నేర్చినవాఁడు. ఇతఁడు గాజుపూఁత పూయని తెల్లని పింగాణిని, 'బిస్కెట్టు' అని పేరుగల దానిని, విశేషముగా వాడెను. పూఁత లేకుండుటచేఁ జెక్కడపు తీక్ష్ణత చెడదు. పాలరాతి చాయయుఁ గలుగును. ప్రాచీన విగ్రహముల ప్రతులఁ జేయుటతోఁ దనియక యితఁడు స్వతంత్రరచనకును బూనుకొనెను. 'రాక్షసుల పతనము' అను మహారచన కాపోడిమోంటె ప్రదర్శనశాలయం దున్నది. స్వర్గము నాక్రమింపఁ బర్వతములమీఁదఁ బర్వతములను బేర్చిన రాక్షసులను జూపిటరు పిడుగుతోఁ గొట్టి కూల్చుట యిందలి వస్తువు. శిఖరమున దేవుఁడు, క్రింద బండలనడుమఁ దలక్రిందులుగ దొరలు దేహములు. ఒక్కొక్క దేహమును వేఱువేఱుగాఁ గాల్చి కూర్చిన యీ రచన దూరమునుండి యొకే కొండ విఱిగిపడినట్లు తోఁచును. వజ్రాయుధమునుగూర్చి చదివినవారికి దీని భావము తెలుపనక్కఱలేదు. వెసూవియసు నీడలో నివసించువారికి, ఱాళ్లును నిప్పును గురిసి పురములు పూడిపోవుట పురాణమాత్రము గాదన్న సంగతియు నిచట స్మరింపఁదగినది.

రోము : వొల్పాతో

రోమునందలి కర్మశాల రాజుది గాదు; ఒక చిత్రకారునిది. జోవన్ని వొల్పాతో రాగిఱేకులపై చిత్రములు చెక్కి యచ్చొత్తుటలో సుప్రసిద్ధుఁడు. రాఫయేలు వాటికనునందు రచించిన చిత్రములకు నతఁడు చేసిన యచ్చులు ఐరోపా యంతట వ్యాపించెను. ఇతఁడు 1785లో బిస్కెట్టు ప్రతిమల కర్మశాలను నెలకొల్పెను. నాఁడు ఉత్తర ఐరోపానుండి, ముఖ్యముగా నింగ్లండునుండి, ధనికుల కుమారులు విద్యాపూర్త్యర్థము ఇటలీయాత్ర చేయుచుండిరి. పెద్ద విగ్రహములను గొనిపోవుట వారికి సాధ్యము గాదు. వాటికను, కాపిటోలు సంగ్రహములలోని ప్రసిద్ధ విగ్రహముల చిన్న ప్రతులను వొల్పాతో వెలపట్టికతో నమ్మెను. కంచు ప్రతుల నమ్ము జోఫొలి, రిగెట్టి మొదలగువారితో నతనికిఁ బోటీ యుండెను. అచ్చుపుస్తకము విద్యను వ్యాపింపఁజేసినట్లు వొల్పాతో ప్రతిమలు శిల్పజ్ఞానమును వ్యాపింపఁజేసెను. రోమును జూడనివారును దూరదేశములందుఁ దమ యింటనే ప్రాచీన విగ్రహముల రూపము నెఱిఁగిరి. 1803లో నతఁడు మరణించిన పిమ్మటఁ గుటుంబీకులు కొంతకాలము పని నడపిరి.

తెలుపను భ్రమ

ఇచట నొక పూర్వపక్షము గలదు. ప్రాచీన శిల్పచరిత్రమును 1764లోఁ బ్రకటించి యా శాస్త్రమునకు మూలపురుషుఁడైన వింకెల్‌మాను అను జర్మను పండితుఁడు పింగాణి ప్రతిమలను హాస్యాస్పదములగు బొమ్మలని యీసడించెను. మహాశిల్పమును బల్లమీఁది యాటవస్తువుగాఁ జేసిరని యతని బాధ. అది పూర్తిగా నిరాధారము గాదు. మూరెఁడు హెర్క్యులీసును జూచి మహావీరుని భారము నూహించుట కష్టము. గాత్రముతో భయమును భక్తియుఁ గలిగించు విగ్రహము చేతఁబట్టఁదగినంతదైనచో నా భావములు సన్నగిల్లును.

కాని యతఁడు శిల్పములోఁ దెలుపు రూపసౌందర్యమును వృద్ధిఁజేయునని నమ్మినవాఁడు. ఆ నమ్మకమునకుఁ దరువాత గొప్ప ప్రచారకులైనవి యీ తెల్లని బిస్కెట్టు ప్రతిమలే. ప్రాచీన యవనులు తమ విగ్రహములకు రంగులు పూసిరనియు, మన్నులోఁ బెక్కు శతాబ్దములుండుటచేతను, త్రవ్వినవారు తోముటచేతను నా రంగులు పోయినవనియు నేఁడు సిద్ధాంతము. మెదీచి వీనసు కేశములయందే బంగారుపూఁత జాడలుండెను. తెల్లని పాలరాతిని జూచి తెల్లని పింగాణిలోఁ బ్రతి చేసినవారు మూలమునందలి లోపమును గుణముగా వ్యాపింపఁజేసిరి. అక్షరములు చెరిగిన తాళపత్రమును జూచి వ్రాసినవాఁడు ఖాళీలనే పాఠముగా వ్రాసినట్లయినది. వింతయేమనఁగా, విద్వాంసులు తక్కువగాఁ జూచిన డోచా ప్రతిమలలోఁ గొన్ని, దేహములకు నెత్తురువన్నె చుక్కలును, వస్త్రములకు రంగులును గలవి, యీ విషయమునఁ దెలియకయే ప్రాచీనాచారమునకు దగ్గఱగా నున్నవి.

ఉపసంహారము

డోచా కర్మశాల జినోరీ వంశీయుల చేతులలో నూటయేఁబది యేండ్లకుఁ బైఁగా నడిచి 1896లో మిలాను పురపు రిచర్డు సంస్థతోఁ గలిసెను. 2013లో నా సంస్థ దివాలా తీయఁగాఁ గర్మశాల వేఱొకరి చేతికిఁ బోయెను. ఫొజ్జీనీ, సోల్డానీల మైనపు నమూనాలను, ప్లాస్టరు అచ్చులను, బ్రూస్కీ ప్రతిమలను దాఁచిన ప్రదర్శనశాల 2014లో మూఁతపడెను. మైనమునకుఁ దేమయు నుష్ణమును రెండును శత్రువులు. తాళపత్రములు గల పాడిల్లు చూచినవారి కా సందర్భమునఁ గలిగిన యాందోళనము సులభగ్రాహ్యము. తుదకు 2017లో ఇటలీ ప్రభుత్వము ఆ సంగ్రహమును గొని ప్రజాధనముగాఁ జేసెను. కంచు దొరకని కొన్ని శిల్పరచనల కా మైనపు నమూనాలును, వానినుండి పుట్టిన పింగాణియుఁ దప్ప నేఁడు వేఱు సాక్ష్యము లేదు. కంచు విలువగల లోహము. యుద్ధము వచ్చినపుడు కరఁగించి ఫిరంగి పోయవచ్చును. పగిలిన పింగాణి యెందులకును బనికిరాదు. పగులని పింగాణి తన రూపమునకే తప్ప వేఱు విలువ లేనిదగుటచే దానిని గరఁగించువాఁడు లేఁడు.

కావున నీ బొమ్మలను బరిశీలించువారు మూఁడు ప్రశ్నలు వేసికొనుట యుక్తము. ఏ మాతృకనుండి వచ్చినది? మన్నును గొలిమియును దానియం దేమి మార్చినవి? చేసినవాఁడు తన కాలపు నమ్మకములలో దేనిని గలిపెను? ఈ ప్రశ్నలు గ్రంథపరిష్కర్తలు నిత్యము వేసికొనునవే. ప్రతిని మూలమని పూజించుటయుఁ, బ్రతియేకదా యని పాఱవేయుటయు రెండును దోషములే. ఫెర్రాతా యతికిన వ్రేళ్లును, దెల్లా పోర్తా చేసిన కాళ్లును, వింకెల్‌మాను మెచ్చిన తెలుపును వేఱుచేసి చూడఁగలిగిన పిదపఁ గూడ, ఆ చిన్న ప్రతిమలో యవనశిల్పి భావించిన భంగిమ నిలిచియే యుండును. కంచునుండి పాలరాతికి, పాలరాతినుండి మైనమునకు, మైనమునుండి మట్టికి దిగివచ్చినను ఆ భంగిమ చెడలేదు. అది నిలుచుటకుఁ గారణము మహారాజుల పోషణము మాత్రమే గాదు. అచ్చునుండి తీసిన చేతిని మట్టినీటితో నతికి, కొలిమిలో నుంచి, పగులునో పగులదో యని వేచియున్న పనివారి యోరిమియు నందుకుఁ గారణమే.